పల్ప్ ఫ్యాక్టరీ వెనక కారుచౌడు: చిత్తూరు జిల్లా నుంచి ఒక కేసు

నేపథ్యం

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో తోతాపురి మామిడి గుజ్జు తీసే యూనిట్ ఇది. పేరు, ఊరు ఇక్కడ ఇవ్వడం లేదు. గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాం, లెక్కలు మాత్రం మార్చలేదు. సీజన్ జూన్, జూలైల్లో సుమారు 60 రోజులు. రోజుకు 120 టన్నుల కాయ ఆడిస్తారు, 250 కిలోలీటర్ల మురుగునీరు వస్తుంది. తక్కిన పది నెలలు వాచ్‌మన్, ఇద్దరు మెకానిక్‌లు తప్ప ఎవరూ ఉండరు.

కాయలో సగానికి కాస్త అటూఇటూగా గుజ్జు వస్తుంది, మిగతాది తొక్క, టెంక. టెంకను ఎండబెట్టి బాయిలర్‌లో వేస్తారు. తొక్క పశువుల మేతకు పోతుంది. లారీ రాని రోజున మాత్రం గోడ పక్కన కుప్ప పడుతుంది. మురుగునీటికి ఈటీపీ, అంటే శుద్ధి ప్లాంటు, ఉంది: నీళ్ళను పోగుచేసి కలిపే ఈక్వలైజేషన్ ట్యాంకు, గాలి తగలని రియాక్టర్, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు, బురద కూర్చునే క్లారిఫయర్. దాని నుంచి నీళ్ళు లైనింగ్ లేని మట్టి లగూన్‌లోకి (నీళ్ళు నిలవుంచే గుంట), అక్కణ్ణుంచి వెనక ఉన్న రెండున్నర ఎకరాల పొలంలోకి. అంటే సుమారు ఒక హెక్టారు. నేల ఈ ప్రాంతపు మామూలు ఎర్రనేలే, కొంచెం బంక కలిసిన ఇసుక దుబ్బ. కింద 60, 70 సెంటీమీటర్లకు గరుసు తగులుతుంది.

60 రోజులకు 15,000 కిలోలీటర్లు. ఒక హెక్టారు మీద పరిస్తే ఒకటిన్నర మీటరు లోతు నీళ్ళు, అదీ రెండు నెలల్లో. ఆ ఊరికి ఏడాది మొత్తానికి పడే వానకంటే ఇది ఎక్కువ. ఈ ఒక్క లెక్క మొదట్లోనే ఎవరైనా వేసుకుని ఉంటే పొలం ఇంత దూరం వచ్చేది కాదు.

సమస్య ఏ రూపంలో వచ్చింది

మూడు ఫిర్యాదులు కలిసి వచ్చాయి. పొలంలోని కొబ్బరి మొక్కలు ఎండిపోయాయి. వాన పడితే నీళ్ళు ఇంకవు, నాలుగైదు రోజులు నిలిచి నల్లగా మారి కంపు కొడతాయి. పల్లంలో ఉన్న పక్క రైతు బోరు నీళ్ళు తోడిన గంటకు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. యాజమాన్యం అడిగింది మొదటి రెండింటి గురించే. మూడోదాన్ని ముందుకు తెచ్చింది ఆ రైతు.

పొలంలో మూడు చోట్ల మీటరు లోతు గుంటలు తవ్వించారు. పైన రెండు వేళ్ళ మందాన గట్టి పెచ్చు. ఎండలో అది పెంకుల్లా చీలి ఉంది, చీలికల అంచుల్లో నల్లటి జిడ్డు మరక. దాని కింద ఎర్రమట్టే. 40 సెంటీమీటర్ల దగ్గర ఎరుపు పోయి బూడిద రంగు, కుళ్ళిన గుడ్డు వాసన. ఎర్రనేలకు ఆ ఎరుపు ఇచ్చేది ఇనుము తుప్పు. సేంద్రియ పదార్థం ఉన్న నీళ్ళు వారాల తరబడి నిలిచి గాలి ఆడకపోతే, సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు ఆ తుప్పునే వాడుకుంటాయి. ఇనుము కరిగి నీళ్ళతో కిందికి పోతుంది. పక్క బోరులో తోడగానే తేటగా ఉండి, గాలి తగిలాక పసుపెక్కేది అదే ఇనుము. మూడో ఫిర్యాదుకు కారణం గుంటలోనే కనపడింది.

ఇంకడం లేదన్న సంగతికి గ్లాసు పరీక్ష చాలు. గ్లాసులో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ పోసి, శనగగింజంత ఎండిన మట్టిగడ్డను కదపకుండా అందులో వదలాలి. బాగున్న నేల గడ్డ విరిగి కుప్పగా కూర్చుంటుంది, నీళ్ళు తేటగానే ఉంటాయి. ఇక్కడి గడ్డ చుట్టూ పది నిమిషాల్లో పాలలాంటి పొర లేచింది, మర్నాటికి గ్లాసంతా ఎర్రటి మజ్జిగలా ఉండిపోయింది. బంకరేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేశాయని అర్థం. అవి వాననీళ్ళతో కదిలి నేలలోని సన్నటి రంధ్రాలను మూసేస్తాయి. ఈ పని చేసేది సోడియం.

తిరుపతిలో ఒక ల్యాబుకు పంపిన నమూనాలు దీన్నే అంకెల్లో చెప్పాయి. పై 15 సెంటీమీటర్లలో పీహెచ్ 9.2, ఈసీ (కరిగిన లవణాల కొలత, డెసీసీమెన్స్/మీటరులో) 3.1, మార్పిడి సోడియం శాతం (బంకరేణువులు పట్టుకున్న లోహ అయాన్లలో సోడియం వాటా) 28. 15 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య 24, ఆ కింద 60 దాకా 16. పీహెచ్ 8.5 దాటి, సోడియం శాతం 15 దాటి, ఈసీ 4 లోపు ఉంటే అది కారుచౌడు. తెల్లగా ఉప్పు పేరే పాలచౌడు కాదు. ఈ తేడా ముఖ్యం. పాలచౌడును మంచినీళ్ళతో కడిగితే బాగుపడుతుంది. కారుచౌడును వట్టి నీళ్ళతో కడిగితే ఇంకా గట్టిపడుతుంది.

అప్పటికే చేసి విఫలమైనవి

మొదటిది సున్నం. మామిడి రసం పులుపు కాబట్టి నేల పులిసిందని ఎవరో చెప్పారు, ఎకరాకు పది బస్తాల సున్నం చల్లారు. పీహెచ్ మీటరు ముంచి చూడకుండా చేసిన పని. 9 దాటిన పీహెచ్‌లో సున్నం నుంచి కాల్షియం దాదాపు కరగదు, సోడియాన్ని తోసేయలేదు. పైగా ఆ పీహెచ్‌ను ఇంకాస్త పైకి నెడుతుంది.

రెండోది చెరువు మట్టి. ట్రాక్టర్లతో తోలించి అరడుగు మందాన పరిచి కొబ్బరి పెట్టారు. మొదటి ఏడాది పచ్చగా ఉంది. వేళ్ళు పాత పొరకు తగిలాక ఆగిపోయాయి. కింద నీళ్ళు దిగవు కాబట్టి వాననీళ్ళు ఆ రెండు పొరల మధ్యే నిలిచాయి, ఎండాకాలంలో తేమతో పాటు సోడియం లవణాలు కొత్త మట్టిలోకి ఎక్కాయి. జబ్బు పైకి కనపడకుండా ఏడాది ఆగింది, అంతే.

మూడోదే అసలు బాధాకరం, ఎందుకంటే మందు సరైనదే. ఎకరాకు టన్ను జిప్సం వేశారు. రెండు నెలలు పెచ్చు మెత్తబడింది, తర్వాత యథాతథం. మోతాదు అవసరానికి మూడోవంతు. నీళ్ళు పెట్టలేదు. పోయే దారి చేయలేదు. అన్నిటికీ మించి, వచ్చే సీజన్‌లో అదే మురుగునీరు మళ్ళీ అదే పొలానికి వదిలారు.

ఈటీపీ వైపు కూడా ఒక ఖర్చు జరిగింది: నురగ, దుర్వాసన తగ్గాలని సీజనంతా బ్యాక్టీరియా పౌడర్ ప్యాకెట్లు. ఫలితం లేదు. కారణం కింద ఉంది.

సోడియం ఎక్కణ్ణుంచి వస్తోంది

ఇక్కడ తీసుకున్న నిర్ణయమే కేసు దిశను మార్చింది: జిప్సం ఆర్డరు ఆపి, ముందు ఫ్యాక్టరీలోకి వచ్చే సోడియాన్ని బస్తాల్లో లెక్కపెట్టడం. మామిడిలో ఉన్నది పొటాషియం, సోడియం అతి తక్కువ. కాబట్టి నేలను చెడగొట్టింది కాయ కాదు, ఫ్యాక్టరీలో వాడిన రసాయనాలు.

స్టోర్స్ రిజిస్టరు తిరగేస్తే రెండు పద్దులు దొరికాయి. కాస్టిక్ సోడా రోజుకు 170 కిలోలు: పైపులు, స్టెరిలైజర్ కడిగే సీఐపీకి 120, పులిసిన నీళ్ళను సరిచేయడానికి ఈక్వలైజేషన్ ట్యాంకులో 50. రెండోది ఉప్పు: బాయిలర్ నీళ్ళ కాఠిన్యం తీసే సాఫ్టెనర్‌ను మళ్ళీ పనికి సిద్ధం చేసే రీజెనరేషన్‌కు రోజుకు రెండు బస్తాలు, 100 కిలోలు. కాస్టిక్‌లో బరువులో 57.5 శాతం సోడియం, ఉప్పులో 39 శాతం. కలిపితే రోజుకు 137 కిలోలు. 60 రోజులకు 8 టన్నుల పైచిలుకు, ఒక్క హెక్టారు మీద.

ఇది 250 కిలోలీటర్లలో కలిస్తే లీటరుకు సుమారు 550 మిల్లీగ్రాములు, బోరు నీళ్ళలో ముందే ఉన్న 90 కలిపితే 640. బోరు నీళ్ళ కాఠిన్యం (కాల్షియం కార్బొనేట్ లెక్కన) లీటరుకు 450 మిల్లీగ్రాములు. ఈ రెంటి నుంచి లెక్కగడితే ఎస్‌ఏఆర్, అంటే సోడియానికీ కాల్షియం, మెగ్నీషియాలకూ మధ్య నిష్పత్తి, 13 వస్తుంది.

ఆపరేటరు వేసిన ప్రశ్న న్యాయమైనదే: "సార్, ఔట్‌లెట్‌లో మీటరు ఏడే చూపిస్తా ఉంది. దీంట్లో సోడా యాడుంది?" నెలనెలా చేయించే పరీక్షల్లో పీహెచ్, బీఓడీ, సీఓడీ (ఈ రెండూ సేంద్రియ మలినం కొలతలు), తేలే మలినాలు ఉన్నాయి. సోడియం లేదు. మరి పీహెచ్ ఏడున్న నీళ్ళు పారిన నేల పీహెచ్ తొమ్మిదికి ఎలా ఎక్కింది?

కాస్టిక్ పండు ఆమ్లాలతో కలిసి సోడియం సిట్రేట్, సోడియం అసిటేట్ లాంటి లవణాలవుతుంది. అప్పుడు పీహెచ్ ఆరున్నర, ఏడు దగ్గరే నిలుస్తుంది. నేలలోకి పోయాక సూక్ష్మజీవులు ఆ సిట్రేట్, అసిటేట్ భాగాన్ని తినేస్తాయి. సోడియాన్ని తినలేవు. మిగిలేది సోడియం బైకార్బొనేట్. నేల ఆరేకొద్దీ అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్బొనేట్ అవుతుంది, పీహెచ్ 9 దాటుతుంది. అంతటితో ఆగదు. ఆ కార్బొనేట్ నేలలో ఉన్న కాల్షియాన్ని సున్నపురాయిగా పట్టేసి పక్కన పెడుతుంది, సోడియానికి పోటీ లేకుండా పోతుంది. నీళ్ళలో 13 ఉన్న ఎస్‌ఏఆర్ నేల ద్రవంలో రెట్టింపయ్యేది ఇందుకే.

దీన్ని నమ్మించడానికి ఒక బకెట్ సరిపోయింది. 20 లీటర్ల ఔట్‌లెట్ నీళ్ళు, ఏరేషన్ ట్యాంకు నుంచి అర లీటరు బురద, చిటికెడు యూరియా, చేపలతొట్టికి వాడే చిన్న గాలిపంపు. మొదటిరోజు పీహెచ్ 6.8. రెండోరోజు 7.6. ఐదోరోజు 8.9. సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు మీటరు చూసి గోడ మీద సుద్దతో రాసింది ఆ ఆపరేటరే. ఆ తర్వాత కాస్టిక్ గురించి వాదన రాలేదు.

ఫ్యాక్టరీ లోపల మార్చినవి

సీఐపీ ట్యాంకు 3,000 లీటర్లు, 2 శాతం కాస్టిక్, అంటే నిండుకు 60 కిలోలు. రంగు మారగానే పారబోసి రోజుకు రెండుసార్లు కొత్తది కలుపుతున్నారు. రంగు మారిందంటే కాస్టిక్ చచ్చిందని కాదు. అందుకే మూడు పనులు చేశారు. కాస్టిక్ తిప్పేముందు నీళ్ళతో ఐదు నిమిషాలు కడిగి, బయటికి వచ్చే నీళ్ళు తేటపడ్డాకే కాస్టిక్ తిప్పడం. రిటర్న్ లైన్‌లో పీచు పట్టే జల్లెడ పెట్టడం. ప్రతి షిఫ్టు మొదట్లో ఫినాఫ్తలీన్‌తో టైట్రేషన్ చేసి (కాస్టిక్ బలం కొలిచి), 1.5 శాతం కిందికి దిగితే తగ్గినంతే కలపడం. ట్యాంకు అడుగున కూర్చున్న బురద మాత్రం రెండు రోజులకోసారి 100 లీటర్లు తీసేస్తారు. దీంతో ట్యాంకు మొత్తం మార్చేది వారానికోసారి. సీఐపీ వాడకం రోజుకు 120 నుంచి 45 కిలోలకు దిగింది. స్టెరిలైజర్ గొట్టాల్లో మాడు పట్టుకుంటుందని ప్రొడక్షన్ వాళ్ళు భయపడ్డారు. పది రోజులకోసారి విప్పి చూసే పద్ధతి పెట్టాక ఆ భయం తగ్గింది.

ఈక్వలైజేషన్ ట్యాంకులో కాస్టిక్ పూర్తిగా ఆపి సున్నం పెట్టారు, రోజుకు 40 కిలోలు. పొలంలో పనికిరాని సున్నం ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ నీళ్ళు నిజంగానే పులుపు, అది కరుగుతుంది, దాంతో వచ్చే కాల్షియం ఎస్‌ఏఆర్‌ను తగ్గిస్తుంది. సున్నం వాడకంలో చికాకు ఉంది, దాచక్కర్లేదు: 5 శాతం పాలుగా కలిపి, ఇసుక కూర్చున్నాక పైది మాత్రమే పంపాలి, పంపు ఆపిన ప్రతిసారీ లైన్ నీళ్ళతో కడగాలి. లేకపోతే వారంలో పైపు రాయి అవుతుంది. పీహెచ్‌ను 7 దాకా తేవాల్సిన పని కూడా లేదు. 6.2 చాలు. గాలి తగలని రియాక్టర్ సరిగా నడుస్తుంటే క్షారతను అదే తయారుచేసుకుంటుంది, దాని ఔట్‌లెట్ నీళ్ళలో కొంత వెనక్కి తిప్పితే సున్నం ఇంకా తగ్గుతుంది.

సాఫ్టెనర్ గడియారం చూసి రీజెనరేట్ అవుతోంది, నీళ్ళు చూసి కాదు. మీటరు పెట్టి, రెసిన్ పట్టే కాఠిన్యం లెక్కకట్టి నడిపితే రోజుకు 65 కిలోల ఉప్పు సరిపోయింది. బ్రైన్ (చిక్కటి ఉప్పునీళ్ళు) లాగే దశ, నెమ్మదిగా కడిగే దశ, ఈ రెండింటి నీళ్ళు మాత్రమే వేరు పైపులో పోతాయి. ఉప్పులో ఎనభై శాతం వాటిలోనే ఉంటుంది. చివరి వేగపు కడుగు మామూలుగా ఈటీపీకే. రోజుకు 1.2 కిలోలీటర్ల బ్రైన్‌కు 350 చదరపు మీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరిచిన ఆవిరి మడి కట్టారు.

ఇందులో ఒక అంచనా తప్పింది. మడిలో ఉప్పు గడ్డకట్టి పారతో ఎత్తవచ్చనుకున్నారు. సాఫ్టెనర్ బ్రైన్‌లో వాడని ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్‌లు చాలా ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఆగస్టు చివరికి మడి అడుగున మిగిలింది ఉప్పు కాదు, బెల్లం పాకంలాంటి చిక్కటి ద్రవం. ఈశాన్య రుతుపవనాల వాన పడితే పొంగి పొలంలోకే వస్తుంది. దాన్ని డ్రమ్ముల్లోకి ఎత్తి, మడి మీద రేకుల కప్పు వేసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వ్యర్థ నిర్వహణ సంస్థకు పంపాల్సి వచ్చింది. కప్పు ఖర్చు మొదటి అంచనాలో లేదు. మడి కట్టేవాళ్ళు మొదటే వేసుకోవాలి.

మొత్తం మీద సోడియం రోజుకు 137 కిలోల నుంచి 31కి వచ్చింది. నీళ్ళ ఎస్‌ఏఆర్ 13 నుంచి 5 దగ్గరికి.

ఈటీపీ సంగతి క్లుప్తంగా. మామిడి నీళ్ళలో చక్కెర దండిగా, నత్రజని, భాస్వరం కరువు. ఏరేషన్ ట్యాంకులో వెయ్యి మిల్లీలీటర్ల జాడీ పెట్టి అరగంట ఆగితే బురద 900 దగ్గరే వేలాడుతోంది, పోగుల బ్యాక్టీరియా పెరిగిందనడానికి గుర్తు. ప్యాకెట్లు ఎన్ని పోసినా తిండిలో పోషకం లేకపోతే పెరిగేది అవే. రియాక్టర్ దాటి ఏరేషన్‌కు వచ్చే బీఓడీ రోజుకు సుమారు 225 కిలోలు. బీఓడీ, నత్రజని, భాస్వరం 100 : 5 : 1 లెక్కన నత్రజని 11 కిలోలు, భాస్వరం రెండుంపావు. అంటే 20 కిలోల యూరియా, 11 కిలోల డీఏపీ, డ్రమ్ములో కరిగించి రోజంతా చుక్కలుగా. 12 రోజులకు జాడీలో బురద 350కి కూర్చుంది. సీజన్‌కు మూడు వారాల ముందే పేడనీళ్ళతో, పక్క ప్లాంటు నుంచి తెచ్చిన బురదతో రియాక్టర్‌ను మేల్కొలపడం తప్పనిసరి చేశారు. మొదటి లారీ కాయ దిగిన రోజున మొదలెడితే జూలై అయిపోతుంది. తొక్క కుప్ప కింద కాంక్రీటు గచ్చు వేసి, కారే రసాన్ని ట్యాంకుకు కలిపారు.

నేల మీద పని

సీజన్ ముగిసి, పొలానికి మురుగునీరు పూర్తిగా ఆగాకే, ఆగస్టులో మొదలైంది. వరస మార్చకూడదు: దారి, దుక్కి, జిప్సం, నీళ్ళు.

దారి అంటే మురుగు కాలువ. పల్లం వైపు 90 సెంటీమీటర్ల లోతు, దానిలోకి 20 మీటర్లకొకటి అడ్డకాలువలు. సోడియాన్ని బంకరేణువు మీది నుంచి కాల్షియం తోసేశాక అది సోడియం సల్ఫేట్‌గా నీళ్ళలోకి వస్తుంది. ఆ నీళ్ళకు పోయే చోటు లేకపోతే ఎండాకాలంలో అదే పైకి ఎక్కుతుంది. అయితే పల్లం వైపు ఉన్నది పసుపునీళ్ళ బోరున్న రైతు. కాబట్టి కాలువ చివర ఆయన చేను కాదు, పూడిక తీసి షీటు పరిచిన పాత లగూన్. మొదటి తడి నీళ్ళన్నీ అందులోకే. కాలువ నీళ్ళ ఈసీ 2 కిందికి దిగాకే వాననీళ్ళతో కలిపి బయటికి వదిలారు.

దుక్కి 45 సెంటీమీటర్ల లోతు, సబ్‌సాయిలర్‌తో, అడ్డంగా నిలువుగా. మట్టి పొడిగా ఉన్నప్పుడే. తడిగా ఉంటే గొర్రు చీల్చదు, పూస్తుంది.

జిప్సం ఎంత? నేల మార్పిడి సామర్థ్యం (బంకరేణువులు పట్టుకోగల లోహ అయాన్ల మొత్తం) 100 గ్రాములకు 12 మిల్లీ ఈక్వివలెంట్లు. 28 శాతం అంటే సోడియం 3.36. దాన్ని 8 శాతానికి, అంటే 0.96కు దించాలి. తీయాల్సింది 2.4. ఎకరా నేలలో 15 సెంటీమీటర్ల లోతుకు ఒక్కో మిల్లీ ఈక్వివలెంటుకు 0.78 టన్నుల శుద్ధ జిప్సం కావాలి. కాబట్టి 1.87 టన్నులు. దొరికిన జిప్సం శుద్ధి 80 శాతం. నేలలో అందులో ఐదో వంతు సోడియం దాకా చేరకుండానే కిందికి పోతుంది. 0.64తో భాగిస్తే ఎకరాకు 2.9 టన్నులు. రెండున్నర ఎకరాలకు 7.3 టన్నులు, 50 కిలోల బస్తాలు 146.

గంధకం, సల్ఫ్యూరిక్ ఆమ్లం చౌక కదా అని ఒక సూచన వచ్చింది. అవి నేలలో ముందే ఉన్న సున్నపురాయిని కరిగించి కాల్షియం తెస్తాయి. నల్లరేగడిలో ఆ నిల్వ ఉంటుంది. ఎర్రనేలలో ఉండదు. వెనకటి సున్నం మిగులును నమ్ముకుని ఆమ్లం పోయడం సరికాదనిపించింది.

జిప్సాన్ని రెండు దఫాలుగా, 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటిన పొడిగా చల్లి, పై 10 సెంటీమీటర్లలోనే కలియదున్నారు. లోతుగా కలిపితే పలచబడుతుంది. లీటరు నీళ్ళలో జిప్సం రెండున్నర గ్రాముల లోపే కరుగుతుంది. ఈ లెక్కన 7.3 టన్నుల్లో ఉన్న శుద్ధ జిప్సం కరగడానికే దాదాపు 25 సెంటీమీటర్ల నీళ్ళు కావాలి. గతంలో వేసిన టన్ను ఎందుకు నిద్రపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది. మళ్ళు కట్టి, సెప్టెంబర్‌లో బోరు నీళ్ళు 10 సెంటీమీటర్ల చొప్పున రెండు తడులు, మధ్యలో నాలుగైదు రోజులు ఆరనిచ్చి. తక్కినది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాన చూసుకుంది.

బాయిలర్‌కు శత్రువైన ఆ కఠినమైన బోరు నీళ్ళే ఇక్కడ మందు. వాటి ఎస్‌ఏఆర్ 2 లోపే. సాఫ్టెనర్ దాటిన నీళ్ళు మెత్తగా ఉన్నాయి కదా అని గేటు దగ్గర పూలమడికి వాడుతున్నారు. అది ఆపించాల్సి వచ్చింది. మెత్తదనమంటే కాల్షియం పోయి సోడియం వచ్చిందనే.

జనవరి పరీక్షలో పై పొర పీహెచ్ 8.3, సోడియం శాతం 13. రెండో దఫా జిప్సం ఫిబ్రవరిలో వేసి ఒక తడి ఇచ్చారు. జూన్ తొలకరికి జీలుగ, ఎకరాకు 15 కిలోల విత్తనం. చౌడును ఓర్చుకునే పచ్చిరొట్ట అది. వేళ్ళు పోయిన దారుల్లోనే తర్వాత నీళ్ళు దిగుతాయి. 48వ రోజున, పూత మొదట్లో, దున్నేశారు. సెప్టెంబర్‌కు సోడియం శాతం 9. ఆ తర్వాత పెట్టింది నేపియర్ గడ్డి. మామిడి పెడదామన్నారు. చెట్టు వేళ్ళు దిగే 60 సెంటీమీటర్ల పొరలో సోడియం ఇంకా 12 దగ్గరుంది. గడ్డి కోత కోతకూ కొంత పొటాషియాన్ని, నత్రజనిని తీసుకుపోతుంది, ఎండితే నష్టమూ తక్కువ.

శుద్ధి చేసిన నీళ్ళు ఇప్పుడు ఈ గడ్డికే పోతాయి, కానీ మొత్తం కాదు. గడ్డి వాడుకోగలిగేది రోజుకు హెక్టారుకు 60, 70 కిలోలీటర్లు. మిగతా నీళ్ళలో కొంత గచ్చులు, కాయ తొలి కడుగుడుకు వెనక్కి తిప్పుతున్నారు, కొంత మరో నాలుగు ఎకరాల సొంత పొలానికి పైపు వేశారు. భూమికి వదిలే నీళ్ళకు బీఓడీ 100 దాటకూడదన్న నిబంధన కాగితం మీద ఎప్పుడూ ఉంది. ఎన్ని నీళ్ళు అన్న లెక్క ఇప్పుడు దానికి తోడైంది.

తేలని సంగతులు

పక్క రైతు బోరు నీళ్ళలో ఇనుము మొదటి ఏడాదిలో సగానికి తగ్గింది, తాగడానికి ఇంకా పనికిరాదు. నేలలో గాలి ఆడటం మొదలైనా, ఇప్పటికే కిందికి దిగిన ఇనుము మళ్ళీ తుప్పుగా స్థిరపడటానికి కాలం పడుతుంది. సీఐపీలో నైట్రిక్ ఆమ్లం కూడా వాడతారు కాబట్టి ఆ బోరులో నైట్రేట్ పరీక్ష మూడు నెలలకోసారి చేర్చారు. తాగునీటి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, ఇప్పటిదాకా దాటలేదు. ఆ ఇంటికి తాగునీటి ట్యాంకరు యూనిట్ ఖర్చుతోనే నడుస్తోంది.

పొలంలో ఈశాన్యపు మూల, సుమారు ఐదు సెంట్లు, మొండికేసింది. మిగతా చోట్ల గడ్డి నడుమెత్తు పెరిగితే అక్కడ మోకాలు దాటలేదు. తవ్వి చూస్తే పాత సాఫ్టెనర్ డ్రెయిన్ పైపు మట్టిలోనే ఆ మూల దగ్గర తెగి ఉంది. ఏళ్ళ తరబడి బ్రైన్ అక్కడే కారింది. డ్రాయింగుల్లో ఆ పైపు లేదు. పైపు మూసేసి, ఆ ఐదు సెంట్లకు విడిగా 250 కిలోల జిప్సం వేసి మడి కట్టారు. మొన్నటి గ్లాసు పరీక్షలో ఆ మూల మట్టిగడ్డ పది నిమిషాలకు విరిగి కూర్చుంది. మర్నాడు గ్లాసు అడుగున సన్నటి పాలపొర ఇంకా ఉంది.